వెంకటరావమ్మత్త, ఉత్తరధ్రువం సీలు

మా మేనత్త వెంకటరావమ్మకి సీలు పిచ్చి. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి నాటకాల పిచ్చి. ఆవిడకి మాత్రం ఉత్తరధ్రువంలో గడ్డకట్టిన సముద్రం కింద బతికే సీలు అనే జంతువు పిచ్చి. కంకిపాడు దాటి తూర్పుకి ఆవిడ ఎన్నడూ వెళ్ళలేదు. అయినా సీలు చలికాలంలో తిండి ఎట్లా సంపాదించుకుంటుందో ఆవిడంత ధీమాగా చెప్పగలవాడు కృష్ణా జిల్లా మొత్తంలో లేడు. ఆవిడకి ఎదురు చెప్పి నెగ్గినవాడూ లేడు.

ఈ పిచ్చి అంటించింది నేనే. యుద్ధం రోజుల్లో నేను బెజవాడలో ఒక హైస్కూల్లో భూగోళం చెప్పేవాణ్ణి. ఆదివారాలు, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సెక్కి, మొహం నల్లగా చేసుకుని మా ఊరు వచ్చేవాణ్ణి. మాది నేతవాళ్ళ వీధి. ఒక ఆదివారం అత్త, "మల్లేశూ, ఈ వారం పిల్లకాయలకి ఏం చెప్పావురా?" అంది. చెప్పాను. సముద్రం గడ్డకట్టడం మొదలుకాగానే సీలు ఆ మంచుకి అక్కడక్కడ కన్నాలు పెట్టుకుంటుంది. మంచు మందమయ్యేకొద్దీ ముందుకాళ్ళ గోళ్ళతో గీకుతూ వాటిని పూడిపోనివ్వదు. కన్నం దగ్గర ఊపిరి పీల్చుకుని, మంచు కింద చాలా దూరం ఈది, చేపలు పట్టుకుని, ఊపిరి అయిపోయేలోగా మళ్ళీ ఏదో ఒక కన్నానికి చేరుకుంటుంది.

"మరి పైన మంచుంటే కింద చీకటి కాదంట్రా? చేప ఎట్టా కనపడుద్ది?"

"నెలల తరబడి సూర్యుడే రాడత్తా. మీసాలతో నీటి కదలిక పసిగడుతుందని కొందరి ఊహ."

"ఆడదానిక్కూడా మీసాలేనా?"

"ఆడదానికీ ఉంటాయి."

"మంచిది. చలికని ఊరొదిలి పోదూ?"

"ఈ రకం పోదు."

"ఎందుకు పోద్దిలే," అంది అత్త, మన చుట్టాలమ్మాయి సంగతి మాట్లాడినట్టు.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఏ మాట మొదలైనా సీలు దగ్గరే తేలేది. రేషను షాపు బసవపున్నయ్య, "కిరసనాయిలు అయిపోయిందమ్మా, వచ్చేవారం రండి," అన్నాడు.

"సీలుకి నెలల తరబడి దీపం లేదయ్యా. అది నీ కొట్టు ముందు నుంచుందా?"

"మరింకేం? మీరూ అట్టాగే సర్దుకోండి."

"నాకు మీసాల్లేవు. ఆ బల్ల కింద డబ్బా తియ్యి."

బసవపున్నయ్య తీశాడు. సీలు సంగతి ఏమీ అర్థంకాకపోయినా బల్ల కింద డబ్బా సంగతి ఆవిడకి తెలుసని మాత్రం అర్థమైంది.

మంచుగడ్డ చూస్తేగాని ఒప్పుకోనని ఒకసారి నాతో బెజవాడ వచ్చింది. రంపపు పొట్టులో కప్పిపెట్టిన గడ్డని సోడా కొట్టువాడు బయటికి తీశాడో లేదో, అత్త కొంగు నడుముకి బిగించి రెండు చేతుల గోళ్ళతో దాన్ని గీకడం మొదలుపెట్టింది. కొట్టువాడు నా వంక చూశాడు. నేను గోలీసోడా వంక చూశాను.

"వేళ్ళు కొంకర్లు పోతున్నయ్యిరా! చలికాలమంతా ఇదే పనా దానికి?"

"అదే పనత్తా."

"మానేస్తే?"

"కన్నం పూడిపోతుంది. ఊపిరాడక చస్తుంది."

అత్త ఆ గడ్డ మా వీధివాళ్ళందరికీ చూపించాల్సిందేనని పట్టుబట్టి గోనెలో చుట్టించింది. బస్సులో అది ముందు కూర్చున్న పెద్దమనిషి పంచె తడిపింది, తర్వాత కండక్టరు టిక్కెట్లు తడిపింది. ఊరు చేరేసరికి ఉత్తి గోనె మిగిలింది. అత్త ఏమాత్రం తగ్గకుండా ఆ తడి గోనెనే ఇంటింటికీ తిప్పి, "ఇదిగో, ఉత్తరధ్రువం ఇట్టా ఉంటది," అని చూపించింది. కాదన్నవాళ్ళతో పోట్లాడింది.

అంతలో మా వీధికి నిజంగానే చలికాలం వచ్చిపడింది. నూలు మీద కంట్రోలు పెట్టారు. వచ్చే కాస్త నూలు ఎవరి ఇళ్ళకి పోయేదో ఎవరికీ తెలియదు, మా వీధికి మాత్రం రాలేదు. మావి గుంట మగ్గాలు. నేల తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి గట్టు మీద కూర్చుంటే, కాళ్ళు చెక్కల్ని తొక్కుతుంటాయి, చేతులు నేస్తుంటాయి. ఇక నేయను అనుకున్నవాడు ఆ గుంట మట్టితో పూడ్చి నేల అలికేస్తాడు. ఒకసారి పూడిస్తే మా వాళ్ళలో మళ్ళీ తవ్వినవాణ్ణి నేను చూడలేదు. వీధి మొదట్లో రెండిళ్ళవాళ్ళు అప్పటికే పూడ్చి ఎటో వెళ్ళిపోయారు.

అత్తకి ఒళ్ళు మండింది. తెల్లారకముందే లేచి ఇంటింటికీ పోవడం మొదలుపెట్టింది. ఎవరి గుంటలోకి పడితే వాళ్ళ గుంటలోకి దిగిపోయి, పడుగు నూలు లేని మగ్గం చెక్కల్ని టకటకా తొక్కేది.

"ఏంటత్తా పొద్దున్నే ఈ గోల?"

"కన్నం గీకుతున్నా. నువ్వు గీకవు, నన్నూ గీకనియ్యవా?"

జనం విసుక్కున్నారు, నవ్వుకున్నారు. కొందరు తలుపు గడియ వేశారు. ఆవిడ పెరటి గోడ దూకింది. ఆ వయసులో గోడ దూకడమేంటని నేను కోప్పడితే, "సీలు వయసెంతో చెప్పు, నాది చెప్తా," అంది.

ఆ రోజుల్లోనే మా పెదనాన్న కొడుకు ఆదిశేషయ్య అన్నయ్య నన్ను పక్కకి పిలిచాడు.

"ఒరేయ్, మీ వదిన నాకు తెలీకుండా మగ్గం గుంటలో బియ్యం దాస్తందిరా. ఇంట్లో గింజ లేదంటది, గుంటలో చూస్తే మూట ఉంటది."

అటు వంటింట్లోంచి సీతారావమ్మ వదిన, "మరిదిగారూ, మీ అన్నయ్య ఆ బియ్యం ఎక్కణ్ణుంచి తెస్తున్నారో ఏంటో, అడిగితే నువ్వే దాచావని నామీదే ఎగురుతున్నారు," అంది. ఒకరినొకరు దొంగలని తిట్టుకుంటూనే ఇద్దరూ ఆ బియ్యం వండుకు తింటున్నారు. దాన్ని నేను సంసారం అనుకుని ఊరుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే వదిన కేకలు వినపడి పరుగెత్తాను. అన్నయ్య గన్నవరంలో కడుతున్న విమానాల మైదానంలో మట్టిపనికి పోవడానికి నిశ్చయించుకున్నాడు. పోయేముందు గుంట పూడ్చేద్దామని తెల్లారకముందే గంపలతో మట్టి తెచ్చి పెట్టుకున్నాడు. తీరా పొయ్యబోయేసరికి గుంటలో అత్త కూర్చుని ఉంది.

"లే అత్తా."

"లేవను. పొయ్యి మట్టి. నామీదే పొయ్యి."

"నీకు దండం పెడతా, లే."

"చలికాలం వచ్చిందని సీలు పారిపోయిందంట్రా? అడుగు, ఇదిగో మాస్టరొచ్చాడు, అడుగు వీణ్ణి!"

అన్నయ్య గంప దించలేదు. ఆయన చేతులు గంప అంచుని పట్టుకునే ఉన్నాయి. మా వీధిలో అందరికంటే సన్నంగా నేసిన చేతులవి.

"దాని మంచు కింద చేపలున్నయ్యి అత్తా," అన్నాడు. "నా గుంట కింద ఏముంది?"

నోరు మూతపడని మా అత్త తల వంచుకుంది. లేవడం మాత్రం లేవలేదు. అప్పుడు వదిన ఆవిడ చేతులు పట్టుకుని, "రా పిన్నీ, ఇక చాలు," అంటూ ఒక్క గుంజు గుంజింది. అత్త పైకి లేచింది. ఆవిడ కూర్చున్నచోట పాత చీర ముక్కలో కట్టిన బియ్యం మూట ఉంది.

ఆ చీర అంచు మా అందరికీ తెలుసు. అత్త పెళ్ళికి ముందు తానే నేసుకున్న చీర అది. రోజూ ఇంటింటి గుంటలోకి ఎందుకు దిగుతోందో అప్పటికి నా బుర్రకెక్కింది. మా వీధిలో ఒక పట్టింపు ఉంది. చెయ్యి చాచి పుచ్చుకుంటే అది ముష్టి. మగ్గం గుంటలో దొరికితే అది మగ్గం పెట్టిన తిండి, కళ్ళకద్దుకుని తినొచ్చు. ఆకలితో చస్తారుగాని ఒకరి ఇంటిముందు చెయ్యి చాచరు మా వాళ్ళు. వాళ్ళ రోషం చెడకుండా వాళ్ళ కడుపు నింపడానికి, నవ్వుల పాలవడం ఒక్కటే దారని ఆవిడకి తోచింది.

"అత్తా, నువ్వా?" అన్నాడు అన్నయ్య.

"నాకేం తెలుసు? మగ్గం పెట్టింది. నువ్వు పూడుస్తానన్న మగ్గమే పెట్టింది!" అని కస్సుమంది అత్త. "గన్నవరం పో, ఎవడొద్దన్నాడు? సీలు మాత్రం కన్నం దగ్గరే కూర్చుంటే చేప నోట్లోకొచ్చి పడుద్దా? ఎంత దూరం పోతదో, ఎంత చీకట్లో తడుముకుంటదో! పో, సంపాదించుకో. కానీ తిరిగొచ్చేదానికి కన్నం ఉంచుకో. నువ్వొచ్చిందాకా నేను గీకుతా, నీ పెళ్ళాం గీకుద్ది."

భూగోళం చెప్పే నేను ఆ జంతువు గురించి అంత తేటగా ఎప్పుడూ పాఠం చెప్పలేదు. అన్నయ్య గంప ఎత్తుకుని వీధిలోకి పోయి మట్టి బోర్లించి వచ్చాడు. ఒక్కొక్క గంపే, అన్నీ. తర్వాత గుంటలోకి దిగి మూట తీసి కళ్ళకద్దుకున్నాడు. మర్నాటి నుంచి గన్నవరం పోయేవాడు. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఉత్తి మగ్గం కాసేపు తొక్కి గాని అన్నానికి కూర్చునేవాడు కాదు. నూలు మళ్ళీ మా వీధికి వచ్చేనాటికి ఆ గుంట అట్లాగే ఉంది.

కానీ ఆ ఆదివారం పొద్దున అడగాల్సింది అడిగింది వదినే.

"పిన్నీ, ఇన్నాళ్ళూ నీ గింజలన్నీ మాకే పోస్తే, నువ్వేం తింటున్నావు?"

అత్త నా వంక ఒకసారి చూసి, గట్టు మీద చతికిలబడింది.

"సీలుకి కూతురు వరస పిల్ల వండి పెట్టుద్ది. మీ మరిది చెప్పలా? పుస్తకంలో ఉంది. పొయ్యి వెలిగించవే, ఆకలేస్తంది."

ఏ పుస్తకంలోనూ లేదు. వదిన పొయ్యి ఊదింది. నలుగురం వరసగా కూర్చున్నాం. అత్త రెండోసారి అన్నం పెట్టించుకుని, ఉప్పు తక్కువైందని వదినతో పోట్లాట పెట్టుకుంది.