మగ్గమున్న ఇంట్లో బూట్లు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చిన్నదే గానీ కాళ్లు చాపుకునేంత చోటుంది, చాపుకోండి. నేను చెప్పబోయేది కాళ్ల గురించే కాబట్టి ముందు మీ కాళ్లు సుఖంగా ఉండాలి. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, ఒక మాట ముందూ వెనకా అయితే సర్దుకోండి. జరిగింది మాత్రం ఏదీ మరచిపోలేదు.

మాది ధర్మవరం. మా ఆయన పట్టుచీరలు నేసేవాడు. మా ముందు గది సగానికి పైగా మగ్గమే. గుంత మగ్గం చూడనివాళ్లు మీలో ఉంటే చెప్తాను. నేలలో గుంత తవ్వి, దాని అంచున పలక మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి నేస్తారు. అడుగున తొక్కుడు చెక్కలుంటాయి. పైన చేతులు అడ్డపోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతుంటే కింద కాళ్లు ఆ చెక్కలు తొక్కుతుంటాయి. మగ్గం పైనున్న జకార్డు పెట్టెను కదిలించి పువ్వుల డిజైను ఎత్తే చెక్క బాగా బరువు, దాన్ని ఆయన కుడికాలితో తొక్కేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి గుంతలోకి తొంగి చూశాను. కుడి పాదం ఎడమ పాదం కన్నా వెడల్పు, బొటనవేలు పక్కకు విచ్చుకుని ఉంది. నాకు నవ్వాగలేదు.

"నవ్వుతావేమే? మనకు కూడు పెట్టేది ఆ కాలే" అన్నాడు.

మగ్గం ఉన్న గదిలోకి చెప్పులు రాకూడదు. అది మా అత్తగారి నాటి కట్టుబాటు. చీర చూడటానికి బెంగళూరు నుంచి కారులో దిగిన మనిషైనా గడప బయట విప్పి రావాల్సిందే. దాంతో ఆయన పాదాలు పొద్దంతా ఒట్టివే. బజారుకు పోవాలంటే రబ్బరు చెప్పులు, అంతే. బూటు అనేది ఆయన కాలు ఎరగదు.

తర్వాత పని పలచబడింది. మాకు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే సావుకారు, మరమగ్గాల చీరల ముందు మీ చీరలు కదలడం లేదప్పా అంటూ కొత్త పడుగు, అంటే చీరకు నిలువునా పరిచే పట్టుపోగులు, ఇవ్వడం మానేశాడు. చివరి చీర కోసి ఇచ్చేశాక మగ్గం మీద పాత పడుగు కొసలు మిగిలాయి. వాటిని ఎవరూ తెంచరు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ కొసలకే ఒక్కొక్క పోగూ కలిపి అతకాలి. మా ఇంట్లో ఆ అతికే పని నాది. బూడిద అద్దుకున్న వేళ్లతో పోగూ పోగూ మెలివేసి వేలకు వేలు అతికాను. ఆ కొసలు ఉన్నంతవరకూ మగ్గం పడుకున్నట్టే గానీ పోయినట్టు కాదు. ప్రతి శుక్రవారం ఆయన దానికి ఊదుకడ్డీ వెలిగించి దండం పెట్టుకునేవాడు.

తిండి గడవాలి కాబట్టి బజారులో కొత్తగా పెట్టిన పెద్ద చీరల షాపులో చేరాడు. పాత అంగళ్లలో అయితే తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపిస్తారు. ఇది అట్లా కాదు. చలువరాతి నేల, గాజు బల్లలు, తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. నల్ల ప్యాంటు, నల్ల బూట్లు తప్పనిసరి.

మంచి పని మంచి పూట చెయ్యాలని గురువారం పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని బూట్లు కొనడానికి పోయాము. అంగడి అప్పుడే తెరిచి, పటానికి పూలు పెట్టి దీపం వెలిగించి ఉన్నారు. ఆయన స్టూలు మీద కూర్చుని బూట్లలో కాళ్లు దూర్చాడు. బాగానే పట్టాయి.

"లేసి నాలుగడుగులు నడిచి సూడన్నా" అన్నాడు అంగడతను.

"వద్దులేప్పా. దేవుడి పటం ముందర బూట్లేసుకోని తిరిగేదేంది? సరిపోయినాయిలే, కట్టియ్యి" అన్నాడు ఈయన.

నాకూ అదే సబబనిపించింది. బతుకంతా కూర్చునే పని చేసినవాళ్లం మేము. కూర్చున్నప్పుడు సరిపోయినది నిలబడినప్పుడు సరిపోదని మాకెట్లా తెలుస్తుంది? పొద్దున ఉన్న పాదం సాయంత్రానికి ఉబ్బుతుందని ఎవరు చెప్పారు?

మొదటి రోజు ఇంటికొచ్చి గడప మీద కూర్చుని బూటు విప్పుతుంటే ఆయన పళ్లు బిగబట్టడం చూశాను. కుడికాలి చిటికెన వేలి తోలు లేచిపోయింది. ఏమయిందంటే ఏం లేదన్నాడు. కొన్నాళ్లకు వేలు మానింది గానీ మడమ మొదలుపెట్టింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోయేంత నొప్పి. గోడ పట్టుకుని నిలబడి, కాసేపటికి గానీ కదలలేకపోయేవాడు. నేను ఇటుక కాల్చి, మీద జిల్లేడాకులు పరిచి, గుడ్డ చుట్టి మడమ కింద పెట్టేదాన్ని. ఆ పూటకు తగ్గేది. మరుసటి రోజు ఆ రాతినేల మీద నిలబడితే మళ్లీ మొదలు.

కొత్తచెరువు దగ్గర పల్లెలో మా వదిన ఉంది, ఆయనకు అక్క. మెట్టచేను, వేరుశనగ పంట. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒకరోజు పొద్దున్నే కాయల సంచి చంకన పెట్టుకుని దిగింది. తమ్ముడు గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందిరా, కొంగ మాదిరి ఒంటికాలి మీద నిలబడినావు? చేపలేమన్నా పడతాండావా?"

"కొత్త బూట్లక్కా. అలవాటు గాల్యా."

"అలవాటయ్యేలోపల నీ కాలు అరిగిపోతాదేమో సూసుకో!"

ఆమె నవ్వించింది గానీ, వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "వాని మొగం బాగల్యా మరదలా. ఆస్పత్రికి పిల్చుకపో" అంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మడమ నొక్కి చూసి, అడుగు నరం వాచిందన్నది. "ఒట్టికాళ్లతో అసలు నడవొద్దు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకునే తిరగాలి. బూట్లు ముందు వెడల్పుగా, అడుగు మందంగా మెత్తగా ఉండేవి చూసుకో" అని చెప్పింది.

బయటికి రాగానే ఈయన, "మగ్గముండే ఇంట్లో చెప్పులేసుకోని తిరిగేదా? కాలు పోయినా సరే, ఆ పని జేసేల్యా" అన్నాడు.

మెత్తటి చెప్పులు కొన్నాము. అవి గడప బయటే ఉండిపోయాయి.

బూట్ల కోసం ధర్మవరంలో తిరగని అంగడి లేదు. అన్నీ పొద్దున పూటే, షాపుకు పోయేముందు. బట్ట బూట్లు మెత్తగా ఉంటే అవి తొడుక్కుని పోయాడు. షాపు మేనేజరు చూసి, "ఏమన్నా, ఆటల పోటీకి పోతాండావా?" అన్నాడట. నల్ల శాండల్స్ వేసుకుపోతే వేళ్లు కనపడకూడదన్నాడు. అందంగా, నిగనిగలాడుతూ ఉన్నవి ముందువైపు సన్నం, విచ్చుకున్న ఆ బొటనవేలికి నరకం. పెద్ద సైజు తీసుకుంటే ఎడమ మడమ జారిపోయి, అడుగడుక్కీ చప్పుడు. చివరికి ఒకరోజు నొప్పి ఓర్చుకోలేక రబ్బరు చెప్పులతోనే పోయాడు. మేనేజరు చెడ్డవాడు కాదు గానీ అతని పైన అతనికి యజమానులున్నారు. సోమవారం నుంచి నల్లబూట్లతో వస్తేనే రా, లేదంటే వేరే మనిషిని చూసుకుంటామని చెప్పి పంపాడు.

ఆ మాట ఆయన నాకు అన్నం తింటూ చెప్పాడు. చెప్తున్నప్పుడు ముఖంలో దిగులు లేదు. అదే నాకు వింతగా తోచింది.

"పోతే పోనీలేవే. కాళ్లు ఒప్పుకోకపోతే నేనేం జేసేది? మగ్గముండాది గదా, కొసలుండాయి గదా. ఆ సావుకారు కాకపోతే ఇంగో సావుకారు."

అప్పుడర్థమయింది నాకు. ఆ నొప్పి ఆయనకు శత్రువే కాదు, ఒక ఆశ కూడా. కాళ్లు బూట్లకు లొంగనంత కాలం తాను షాపు మనిషి కాదు, ఇంకా నేతగాడే. అయితే ఆయన సావుకార్లందరి గుమ్మాలూ తొక్కి వచ్చాడని నాకు తెలుసు. మా వీధిలో ఎవరికీ పడుగు రావడం లేదు, తెల్లవారితే వినపడే మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. ఎదురింట్లో గుంత పూడ్చి టీవీ పెట్టుకున్నారు. ఈ షాపు పని కూడా పోతే మాకు ఇంకేం లేదు.

ఆదివారం వదిన వచ్చి విషయం విని ఇంత ఎత్తున లేచింది. అనంతపురంలో పెద్ద అంగళ్లున్నాయి, పోదాం పదమంది. ఆదివారమే షాపులో రద్దీ, ఆయన వచ్చేసరికే పొద్దు వాలింది. అట్లాగే, ముఖం కూడా కడుక్కోకుండా, ముగ్గురం బస్సెక్కాము. మంచి పూట చూసుకోకుండా కొనబోయింది అదే మొదటిసారి.

అంగట్లో ఆయన అలవాటు ప్రకారం కూర్చుని కాలు చాపాడు. నిలబడి నిలబడి వచ్చిన కాలు, కుడిది బాగా ఉబ్బి ఉంది. అంగడతను ఇచ్చిన జత తొడుక్కుని, కూర్చునే, "సరిపోయినాయి" అన్నాడు.

"లెయ్రా!" అంది వదిన. "షాపులో కూసోని అమ్ముతావా చీరలు? నిలబడి గదా అమ్మేది! లేసి నిలబడు. ఆ చివర దంకా పోయి రా."

"అక్కా, పటముండాది ఆడ..."

"దేవుడికి కండ్లుండాయిలే, నీ కాలి నొప్పి సూస్తానే ఉండాడు. ఏమనుకోడు, నడువు!"

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఈయన సిగ్గుపడుతూ లేచి నడిచాడు. రెండడుగులకే ముఖం మాడ్చాడు. విప్పేశాడు. ఇంకోటి, ఇంకోటి. అంగడతను ఓపికమంతుడు. కుడి పాదం పెద్దదని చూసి, దాని కొలతకే తీసి, ఎడమ బూటులో మెత్తటి అట్ట ఒకటి వేశాడు. నల్ల తోలు, ముందు వెడల్పు, లేసులు, అడుగు మందం. తళుకూ బెళుకూ లేదు గానీ చూడటానికి మర్యాదగా ఉన్నాయి. ఈయన లేచాడు. చివరిదాకా పోయాడు, తిరిగి వచ్చాడు. మళ్లీ పోయాడు. ఆ చివర గోడ దగ్గర మా వైపు వీపు పెట్టి నిలబడిపోయాడు.

"ఏమయ్యా, నొప్పా?" అన్నాను.

"ల్యా" అన్నాడు. "నొప్పి ల్యా."

వదిన చప్పట్లు కొట్టింది. ఆయన తిరిగి చూసినప్పుడు ముఖంలో సంతోషం లేదు. ఊరికి పోయే రైలు కళ్ల ముందే కదిలిపోతే మనిషి నిలబడతాడే, అట్లా నిలబడ్డాడు.

బస్సులో బూట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ బయట వెన్నెల్లో ఎండిన చేలు పోతున్నాయి, ఆ ఏడూ చినుకు లేదు. "ఇంగ కాళ్లు నొప్పని చెప్పేదానికి ల్యా" అన్నాడు, నాతో కాదు, పెట్టెతో.

సోమవారం పనికి పోయాడు, ఆ తర్వాతా పోతూనే ఉన్నాడు. షాపులో నొప్పి తగ్గింది, మంచం దిగినప్పటి నొప్పి మాత్రం తగ్గలేదు. ఇంట్లో ఒట్టికాళ్లే కదా. కొన్ని నెలలు పోయాక ఒక శుక్రవారం ఊదుకడ్డీ వెలిగించి, దండం పెట్టుకుని, నన్ను పిలిచాడు.

"కొసలు తెంచెయ్యే."

"నేనా?"

"అతికింది నువ్వు గదా. నీ చేత్తోనే పోనీ."

తెంచే ముందు ఆయన గుంతలో కాళ్లు వదిలి కూర్చున్నాడు. నేను కత్తెర తీసుకుని ఒక అంచు నుంచి మొదలుపెట్టాను. పట్టు తెగితే చప్పుడు చెయ్యదు. నా వేళ్లు మెలివేసిన పోగులు నా వేళ్ల మధ్యనే జారిపోయాయి. మొత్తం అయిపోయాక ఆయన కుడికాలితో బరువు చెక్క ఒకసారి తొక్కాడు. పైన జకార్డు టక్కుమంది. ఎత్తడానికి కింద ఒక్క పోగూ లేదు.

మగ్గం కొయ్యను కొనేవాళ్లొచ్చి ఊడదీసుకుపోయారు. గుంత పూడ్చడానికి వదిన తన చేని ఎర్రమట్టి ఆటోలో వేయించి పంపింది. "మట్టికేం కరువు మా చేన్లో, నీళ్లకే గదా!" అని వచ్చి నవ్వబోయి, గుంత చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆమె పుట్టిపెరిగిన ఇల్లు. ఆ గుంతలోనే వాళ్ల నాయన కాళ్లు చూసింది.

ఇప్పుడు ఆ చోట సిమెంటు, దాని మీద చాప. ఆయన డాక్టరమ్మ చెప్పినట్టు ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకుంటున్నాడు. మడమ నయమయింది. బూట్లు అడుగు అరిగితే అదే అంగడికి, సాయంత్రం పూటే పోయి, నిలబడి, నడిచి తెచ్చుకుంటున్నాము. అయితే గుంత ఉన్న చోటుకు వచ్చేసరికి ఆయన ఇప్పటికీ తిన్నగా నడవడు. అంచు వెంబడి చుట్టూ తిరిగి పోతాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఆడ గుంత ల్యా గదయ్యా, సుట్టూ తిరిగి పోతావెందుకు?"

"నాకు తెలుసులేవే" అన్నాడు. "కాలికే ఇంకా తెల్దు."

ఇదిగో, మీరు కూర్చున్నది ఆ చోటే. లేవకండి, ఏం కాదు, కూర్చోండి. మీ ఇంట్లో పనికి పోయే ప్రతి పాదమూ నొప్పి లేకుండా పోయి, పొద్దు వాలేసరికి మీ గడప దగ్గరికే చేరాలి. మీ ఇంట్లో ఏ చేతి పనీ ఆగకూడదు, ఏ పోగూ తెగకూడదు. మీ పొయ్యి ఆరకూడదు, మీ దీపం చల్లగా ఉండాలి తల్లీ.