ఆముదం చెట్లు ఎవరివైపు

రెండు వేల రెండవ సంవత్సరం తొలకరికి ముందు నన్ను చిలకలూరిపేట నుంచి పర్చూరు దాపున ఒక మండలానికి వ్యవసాయాధికారిగా బదిలీ చేశారు. మండల వ్యవసాయాధికారి అంటే, రైతు నేరుగా ఆఫీసుకొచ్చి కోప్పడగలిగే అధికారి. మా పైన డివిజన్‌కు సహాయ సంచాలకులు, ఆ పైన జిల్లాకు సంయుక్త సంచాలకులు ఉంటారు. ఆయన్ని మేము జేడీ గారంటాం. నా కింద మస్తాన్‌వలి అనే విస్తరణాధికారి ఉండేవాడు. ఆ ఊళ్ళలోనే పుట్టి పెరిగినవాడు. ఏ వీధిలో ఎవరితో ఎలా మాట్లాడాలో నాకు అతనే చెప్పేవాడు.

అప్పట్లో ఆ మైదానమంతా పత్తి, మిరప. పురుగు కనపడినా మందు కొట్టేవాళ్ళు, కనపడకపోయినా కొట్టేవాళ్ళు. పక్క చేనువాడు కొట్టాడంటే ఇక చెప్పనక్కర్లేదు. మందులు తగ్గించి, పైరు పక్కన పైరు వేసి పురుగును అదుపులో పెట్టే పద్ధతుల్ని ప్రచారం చేయమని మాకు ఆదేశాలు. మగవాళ్ళకు సభ పెట్టి చెబితే, టీ తాగేదాకా విని వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు సహాయ సంచాలకుల వారు ఒక మాటన్నారు. చేలల్లో వినకపోతే పెరళ్ళలో మొదలుపెట్టండి, మహిళా సంఘాలను పట్టుకోండి అని. అలా పెరటి తోటలో ప్రదర్శన క్షేత్రం ఒకటి పెట్టాల్సి వచ్చింది.

ప్రదర్శన క్షేత్రం ఎంపికకు కాగితం మీద చాలా అర్హతలు ఉంటాయి. నేల స్వభావం, నీటి వసతి, రైతు ఆసక్తి. ఆచరణలో మొదటి అర్హత ఒక్కటే, పై అధికారి జీపు అక్కడిదాకా వెళ్ళాలి. మేము తిరిగిన ఊళ్ళలో అలాంటి పెరడు ఒక్కటే దొరికింది. రోడ్డు వారనే ఉంది, బోరు ఉంది, ఎండ బాగా పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, అది ఇద్దరిది.

పెద్దావిడ కోటేశ్వరమ్మ, చిన్నావిడ శివపార్వతి. తోటికోడళ్ళు. అన్నదమ్ములు వేరుపడి ఇళ్ళు పంచుకున్నారు గానీ పెరట్లో గోడ కట్టలేదు. మధ్యలో వరసగా పెంకుముక్కలు పాతి, అదే సరిహద్దన్నారు. తోటికోడళ్ళు కలివిడిగా ఉంటారని పంపకాల్లో పెద్దమనుషులు రుబ్బురోలు ఒకరికీ, పొత్రం ఒకరికీ ఇచ్చారట. ఇద్దరూ వారం తిరక్కుండా మిక్సీలు కొనుక్కుని, మాట్లాడుకోవడం మానేశారు. నేను వెళ్ళేసరికి ఆ మౌనం బాగా పాతబడి ఉంది.

మాట్లాడకపోవడం అంటే మాటలు లేకపోవడం కాదు. ఎదురెదురుగా నిలబడి, మూడో మనిషి ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. మూడో మనిషి లేకపోతే కొట్టంలో గేదె ఉండేది. మొదటిరోజు ఆ పని నా మీద పడింది.

"మేడంగారూ, తోట వేస్తే కాయలు ఎవరెవరికి ఎంతెంతో ముందే చెప్పమనండి ఆవిడ్ని" అంది కోటేశ్వరమ్మ, చేయి చాస్తే తగిలే దూరంలో ఉన్న తోటికోడల్ని చూడకుండా.

"సగం సగమని చెప్పండి మేడంగారూ" అంది శివపార్వతి, నన్ను చూస్తూ.

నేను చెప్పకముందే ఇద్దరూ వినేశారు. ఒప్పందం కుదిరింది. పెరడంతా ఒకే తోట, ఏం కాసినా చెరి సగం.

ఇక ఏ మొక్క ఎక్కడ అన్నది. చిన్నావిడ సగం ఖాళీ నేల. పెద్దావిడ సగంలో గొడ్లకొట్టం, బట్టలుతికే రాయి పోను, సరిహద్దు వెంబడి ఒక సన్నటి పట్టీ మిగిలింది. అందుకని ఖాళీ నేలలో టమాటా, మిరప, బెండ బోదెలు వేయించాం. టమాటా వరసల మధ్య బంతి పెట్టాం. కాయతొలిచే పురుగు తల్లి, అంటే రెక్కల పురుగు, పూలకు ఆశపడి బంతి మీద గుడ్లు పెడుతుంది, కాయ బతుకుతుంది. గట్టు మీద అలసంద. దానికి పేనుబంక పడితే, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి, మిగతా మొక్కల మీద పేనునూ అవే తింటాయి. పెద్దావిడ పట్టీలో వరసగా ఆముదం. పొగాకు లద్దెపురుగుకు ఆముదపాకంటే ప్రాణం. పక్కన మిరప ఉన్నా ముందు ఆముదం మీదే వాలుతుంది. దీన్ని మేము ఎరపంట అంటాం.

"ఆముదం మన తోటకి కాపలా అండీ" అని కోటేశ్వరమ్మకు చెప్పాను. కాపలా తన చేతిలో ఉందని ఆవిడ పొంగిపోయింది. చిన్నావిడ మొహం మాడింది. ఆవిడ బంతికి రోజూ పొద్దున్న నీళ్ళు పోస్తే, ఈవిడ ఆముదానికి గేదె పేడ తెచ్చి వేసేది. శ్రావణం వచ్చేసరికి ఆముదం మొక్కలు మనిషెత్తు పెరిగి, గొడుగుల్లాంటి ఆకులు వేశాయి.

తరవాత పురుగొచ్చింది.

మా శాఖ దృష్టిలో అది విజయం. ఆముదపాకుల మీద గుడ్ల సముదాయాలు, జల్లెడలా గీకేసిన ఆకులు, వాటి కింద గుంపులుగా పిల్లపురుగులు. ఆ పక్కనే టమాటా, మిరప నిగనిగలాడుతున్నాయి. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినట్టుంది. మస్తాన్‌వలి ఫొటోలు తీస్తూ మురిసిపోయాడు.

కోటేశ్వరమ్మ మురవలేదు. కొంగు నడుముకి చుట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏందండీ మేడంగారూ ఇది? ఆవిడ వైపు కాయలు, నా వైపు పురుగులా? ఊళ్ళో పురుగంతా నా పెరట్లో కాపరం పెట్టింది. వీధిలో ఆడోళ్ళు నవ్వుతున్నారు, మా ఇల్లు పురుగుల సత్రమంట."

"కాయలు సగం మీవేగా అమ్మా."

"కాయలు సగం. పురుగులు మొత్తం. ఇదెక్కడి లెక్కండీ?"

విత్తన మోతాదు, వరసల మధ్య దూరం నాకు నోటికొచ్చు. ఈ ప్రశ్నకు మాత్రం ఏ కరపత్రంలోనూ జవాబు లేదు. గుడ్లున్న ఆకులు, గీకిన ఆకులు తుంచి కిరసనాయిలు కలిపిన నీళ్ళలో వేయండి, అదే పద్ధతి అని చెప్పి బయటపడ్డాను.

ఆవిడ ఆకులు తుంచింది. నీళ్ళలో మాత్రం వేయలేదు. పెంకుముక్కల అవతలికి దులిపింది. శివపార్వతి తక్కువ తినలేదు. టమాటా మీద పురుగుల్ని ఏరి, చాటలో పోసి, మళ్ళీ ఇవతలికి చెరిగింది. కొన్నాళ్ళపాటు ఆ పెరట్లో పురుగులు పాకే పని లేకుండా ఇటూ అటూ ప్రయాణం చేశాయి.

"మేడం, పురుగులు మనం చెప్పినట్టే వింటున్నయ్. మనుషులే వినట్లేదు" అన్నాడు మస్తాన్‌వలి.

నవ్వుకునే వ్యవహారం అంతటితో ఆగలేదు. ఒక ఉదయం మస్తాన్‌వలి ఆఫీసుకు పరిగెత్తుకొచ్చాడు. కోటేశ్వరమ్మ భర్త సుబ్బారావు, పత్తికి కొట్టగా మిగిలిన మందు డబ్బా దించి స్ప్రేయరు కడుగుతున్నాడట. ఆముదానికి కొడతాడట. ఆముదానికీ టమాటాకీ మధ్య జానెడు సందు. రెండిళ్ళ పిల్లలూ బడి నుంచి రాగానే టమాటాలు కోసి, లంగాకో చొక్కాకో తుడుచుకుని అక్కడే తినేస్తారు. చేలో కొట్టే మందుకు కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలని నియమం ఉంటుంది. పెరటి టమాటా దగ్గర పిల్లలకు ఆ నియమం ఎవరు చెబుతారు? పైగా ఆ నెలాఖరుకే జేడీ గారు చుట్టుపక్కల మండలాల అధికారుల్ని వెంటబెట్టుకుని ఈ తోట చూడటానికి వస్తున్నారు. మందు లేకుండా పండించిన తోటగా.

మస్తాన్‌వలి మోటారుసైకిలు వెనక కూర్చుని వెళ్ళేసరికి, సుబ్బారావు స్ప్రేయరు వీపుకి తగిలించుకుని ఉన్నాడు. నేను ఆముదం ముందు అడ్డం నిలబడ్డాను.

"పక్కకి రండి మేడం, మీ మీద పడుద్ది" అన్నాడాయన మర్యాదగానే.

"ముందు అది దించండి. ఈ కాయలు మీ పిల్లలు తింటున్నారు" అన్నాను.

"మా పిల్లలు కూడా తింటన్నారని చెప్పండి మేడంగారూ" అంది శివపార్వతి అవతల నుంచి. గొంతులో మొదటిసారి భయం వినపడింది. సుబ్బారావు ఒక క్షణం ఆగాడు. కోటేశ్వరమ్మ ఆగలేదు. తనకు జరిగిన అన్యాయం నా కళ్ళతో నేను చూడాలని, ఒక పెద్ద ఆకు చటుక్కున తుంచి నా కాళ్ళ దగ్గర విసిరేసింది.

"చూడండి! మీరే చూడండి! ఇట్టాంటియి పెంచుకోవడానికా నేను పేడ మోసింది?"

ఆకు నేలన పడీ పడకముందే, కొట్టంలోంచి ఆవిడ కోడిపెట్ట ఒకటి రెక్కలు విదిల్చుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. పొడిచిన చోట పొడవకుండా ఆకు మీది పురుగుల్ని మొత్తం ఊడ్చేశాయి. తరవాత మెడలు పైకెత్తి కోటేశ్వరమ్మ వంక చూశాయి, ఇంకా ఏమన్నా ఉందా అన్నట్టు.

కోటేశ్వరమ్మ ఇంకో ఆకు తుంచి వేసింది, ఈసారి కోపంగా కాదు. అదీ ఖాళీ అయింది. సుబ్బారావు స్ప్రేయరు దించి గోడకు ఆనించాడు. మందు డబ్బా మూత బిగించి, మస్తాన్‌వలి చేత గొడ్లకొట్టం పక్క గదిలో పెట్టించి తాళం వేయించాను. ఆముదం గెలలు మాత్రం గింజ కట్టకముందే కోసేయమని గట్టిగా చెప్పాను. ఆ గింజ కోళ్ళకైనా పిల్లలకైనా విషం.

ఆ రోజు నుంచి ఆకులు సరిహద్దు దాటలేదు. ఒక్క పురుగు కూడా దాటలేదు. కోటేశ్వరమ్మ కోళ్ళు రంగు తేలి, గుడ్లు బాగా పెడుతున్నాయని వీధంతా చెప్పుకున్నారు. నా చిక్కు తీరిందనుకున్నాను.

జేడీ గారు వచ్చారు. ఆయన మితభాషి. ముందు ఆయన, వెనక సహాయ సంచాలకులు, వాళ్ళ వెనక పక్క మండలాల వాళ్ళు హోదా వరసలో పెరట్లోకి వచ్చారు. నేను బంతి గురించి, అలసంద గురించి, ఎరపంట గురించి వివరించాను. ఆయన తలపంకించి, ఇలాంటి చోట్ల అందరూ అడిగే ప్రశ్నే అడిగారు.

"ఏమ్మా, మీకేమన్నా ఇబ్బందులున్నాయా?"

శివపార్వతి ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ఉందండీ. నా పురుగులు నాకు ఇప్పించాలండీ."

జేడీ గారు నా వంక చూశారు. నేను ఆముదం వంక చూశాను.

"ఏం కాసినా చెరి సగమని మేడంగారి ముందే ఒప్పుకున్నామండీ. నేను కాయలు సగం కొలిచి ఇస్తున్నా. పురుగులు మాత్రం మొత్తం ఆవిడ కోళ్ళే తింటన్నయ్. నాకూ కోళ్ళున్నయ్ గదండీ. అవి గీత దాటితే ఆవిడ చీపురేసి తరుముద్ది."

"నేను నీళ్ళు పోశానండీ, పేడ మోశానండీ" అంది కోటేశ్వరమ్మ. "అప్పుడు పురుగులు మొత్తం నాకే వదిలేశారుగా? నావంటే నావే!"

పక్క మండలాల అధికారులు ఒక్కొక్కరే బంతిపూలను పరిశీలించడంలో మునిగిపోయారు. జేడీ గారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో పురుగు పోవడం లేదని అర్జీ ఇచ్చినవాళ్ళనే చూశాను. పురుగు చాలడం లేదన్నవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను" అన్నారు. తరవాత నాతో, "ఇది మీ పరిధిలోదే, మీరే తేల్చండి" అని జీపెక్కారు.

తేల్చాను. ఒకరోజు ఆవిడ కోళ్ళు, ఒకరోజు ఈవిడ కోళ్ళు. వంతు లేని రోజు కోళ్ళను గంప కింద మూయాలి. ఆకు తుంచడం ఎవరి వంతు రోజు వాళ్ళే. ఇద్దరూ నన్ను చూస్తూ ఒప్పుకున్నారు. నేను గేటు దాటుతుండగా వెనక కోటేశ్వరమ్మ గొంతు వినపడింది.

"రేపు నీ వంతు. పెందలాడే వదులు. ఎండెక్కితే పురుగులు ఆకుల కిందకి పోతయ్."

మస్తాన్‌వలి బండి స్టార్ట్ చేయబోయి ఆగాడు. ఆ మాట నాతో కాదు, గేదెతో కాదు. "సరేలే అక్కా" అన్న జవాబు కూడా విన్నాం. ఆ తరవాత వాళ్ళు కలిసిపోయారని రాస్తే అబద్ధం అవుతుంది. నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, అదీ ఎక్కువగా పోట్లాడుకోవడానికే. మరుసటి ఏడు సరిహద్దుకు అటూ ఇటూ ఇద్దరూ ఆముదం వేశారు. వీధిలో మరికొందరు కూడా విత్తనం అడిగారు. ఎందుకని అడిగితే, కోళ్ళకని చెప్పారు. నివేదికలో మేము, మహిళా రైతులు ఎరపంట పట్ల ఆసక్తి చూపారని రాశాం. అందులో తప్పేమీ లేదు.

ఆ తరవాత నేను చాలా మండలాల్లో పనిచేశాను. మిరప చేల చుట్టూ, పత్తి చేల గట్ల మీద ఎరపంటలు వేయించాను. ఏ మొక్క పక్కన ఏ మొక్క పెట్టాలో మా పుస్తకాలు సరిగానే చెబుతాయి. పురుగు ఎవరి నేల మీద వాలుతుందో, దానికి బదులుగా ఆ మనిషికి ఏం దక్కుతుందో చెప్పవు. అందుకని ఆ తరవాత ఎక్కడైనా ఎరపంట వేయించేముందు, వరసలు గీయకముందే ఆ రెండు సంగతులూ తేల్చుకునేదాన్ని.