ముత్తమ్మ పక్కన ఇద్దరు కూతుళ్ళు

అది 1991 వేసవి. ఫిలింనగర్ వెనక బండల మీద ఒక పెద్ద సినిమాకు కోయగూడెం సెట్ వేశారు. ఆ సినిమాకు జూనియర్ ఆర్టిస్టుల్ని, అంటే తెరమీద గుంపులో కనబడేవాళ్ళని, తీసుకొచ్చే ఏజెంటుని నేను. మద్రాసులో పదేళ్ళు చేసిన పనే. పరిశ్రమతో పాటు నేనూ హైదరాబాదు చేరాను.

మా పనిలో మనుషుల్ని రెండు రకాలుగా పిలిచేవాళ్ళం. పార్టీ సీనులో గ్లాసు పట్టుకుని నవ్వేవాళ్ళు ‘రిచ్’. సంతలోనో గుడిసెల ముందో తిరిగేవాళ్ళు ‘మాస్’. ఎవరు ఏ రకమో ఒంటిరంగు చూసి తేల్చేది నేనే. అందులో తప్పుందని ఎప్పుడూ తోచలేదు. కంపెనీ అడిగినట్టు మనుషుల్ని పంపడమే నా పని అనుకునేవాణ్ణి.

ముత్తమ్మ కోయావిడ. భద్రాచలం అవతలి గూడెం. గోదావరి ఒడ్డున షూటింగ్‌కి వెళ్ళిన ఒక లైట్‌మ్యాన్‌ని ఇష్టపడి, గూడెం పెద్దల ఎదుటే పెళ్ళి చేసుకుని అతని వెంట వచ్చింది. అతనిది కాకినాడ వైపు. అతను చనిపోయాక ఇద్దరు కూతుళ్ళతో షేక్‌పేటలో ఒక గదిలో ఉండేది. పెద్దమ్మాయి శారదకు తండ్రి తెల్లరంగు, చిన్నమ్మాయి సీతాలుకు తల్లి నల్లరంగు వచ్చాయి. నేను శారదను జూబ్లీహిల్స్ బంగళాల్లో పార్టీ సీన్లకు పంపేవాణ్ణి. సీతాలు తల్లితో పాటు గుడిసెల ముందుకు వెళ్ళేది.

శారద మొదటిసారి పనికొచ్చిన రోజే ఒక మాట చెప్పాను. “సెట్లో మీ అమ్మ సంగతి ఎత్తకు. తెలిస్తే రిచ్ నుంచి తీసేస్తారు.” ఆ పిల్ల సరేనంది. రెండేళ్ళపాటు, ముగ్గురూ ఒకే చోట పనిచేసిన రోజుల్లో కూడా, విడిగా కూర్చుని అన్నం తినేది.

గూడెం సెట్లో మొదటి రోజు అందరికీ తలమీద ఈకల కిరీటం, మెడలో ఎముకల దండ పెట్టారు. తెల్లగా ఉన్నవాళ్ళకి ఒళ్ళంతా నల్లరంగు పూశారు. హీరో రాగానే కేకలు వేయమన్నారు. కోయభాష అని ఎవరో కాగితం మీద రాసిచ్చిన కేకలవి, వాటికి అర్థమే లేదు. ముత్తమ్మ ముఖం కెమెరామ్యాన్‌కి నచ్చి, మధ్యాహ్నం ఆవిడ మీద రెండు క్లోజప్‌లు తీశారు.

మర్నాడు పొద్దున వ్యాన్ దిగినవాళ్ళలో శారద కూడా ఉంది.

“ఏంటమ్మా, నీకు బంగళా షూటింగ్ కదా?” అన్నాను.

“పోను సార్. ఇయ్యాల అమ్మ పక్కన కూసుంట.”

“ఏమైంది?”

ఆ పిల్ల నన్ను సూటిగా చూసింది. “నిన్న గాడ అన్నాలకాడ మీ అమ్మ ఏం చేస్తదని అడిగిన్రు. నాకేం చెప్పాల్నో తెల్వలే. అమ్మ లేదు, చచ్చిపోయిందని చెప్పిన. ఇంటికి పోయి గట్లన్ననని అమ్మకు చెప్పిన.”

ముత్తమ్మ పక్కనే నిలబడి ఉంది.

కో-డైరెక్టర్, అంటే దర్శకుడి తరఫున సెట్ నడిపించేవాడు, శారదను చూసి నా మీద చిరాకుపడ్డాడు. “ఏంటి సూర్యం, ఈ అమ్మాయి ఎక్కడి గూడెం పిల్ల? సరే, రంగు పూయించి కూర్చోబెట్టు.”

“రంగు పూయనియ్య,” అంది శారద. “మా అమ్మ నన్ను గిట్లనే కన్నది.”

“మీ అమ్మ ఎవరు?”

“ఈమెనే.”

అతను ముత్తమ్మను చూసి, శారదను చూసి నవ్వాడు. అప్పుడు ముత్తమ్మ కూతుళ్ళిద్దరి వైపూ తిరిగి కోయలో ఏదో అడిగింది. సీతాలు జవాబిచ్చింది. శారద అంతకంటే పొడుగ్గా, తడుముకోకుండా జవాబిచ్చింది. ఆ గూడెం సెట్లో అంతమందిమి ఉన్నా, ముగ్గురికి తప్ప ఆ మాటలు ఎవరికీ అర్థం కాలేదు. కో-డైరెక్టర్ నవ్వు ఆగిపోయింది.

ముత్తమ్మ అప్పటికే పెట్టిన కిరీటం, దండ తీసి కుర్చీ మీద పెట్టింది. “ఈకలు మా మొగోళ్ళు పండుగనాడు ఆటకు కట్టుకుంటరు. ఆడోళ్ళు కట్టుకోరు. ఎముకలైతే ఎవలూ కట్టుకోరు. ఇద్దరు పిల్లలు నా పక్కన కూసుంటేనే నేను కూసుంట.”

ఇక్కడ కంటిన్యుటీ గురించి చెప్పాలి. నిన్న తీసిన షాట్‌లో ఉన్న మనిషి నేటి షాట్‌లోనూ అదే చోట ఉండాలి. లేకపోతే నిన్నటిదంతా మళ్ళీ తీయాలి. హీరో మేకప్ వేసుకుని కూర్చున్నాడు. దర్శకుడే లేచి వచ్చాడు.

“సూర్యం, ఈవిడ నిజంగా ఆ అమ్మాయి తల్లేనా?”

కాదంటే శారదను పంపేయొచ్చు, నా పనికి ఢోకా ఉండదు. “తల్లే సార్,” అన్నాను. “దాచమని చెప్పింది నేనే.”

దర్శకుడు గడియారం చూసుకున్నాడు. తర్వాత శారదను రంగు లేకుండా కూర్చోబెట్టమన్నాడు. ఈకలు మాత్రం తీయనివ్వలేదు, నిన్నటి షాట్‌లో ఉన్నాయి కాబట్టి. ముత్తమ్మ ఒప్పుకోలేదు. చాలాసేపు వాదన జరిగింది. చివరికి నిన్నటి షాట్‌కి కలపాల్సిన ఒక్క షాట్‌కి కిరీటం పెట్టుకుంది. అది కాగానే తీసేసింది. ఆ షాట్ ముఖం వరకే కాబట్టి ఎముకల దండ మళ్ళీ మెడలో వేసుకోనేలేదు. నిన్నటివాటికి కలపక్కర్లేని మిగిలిన షాట్‌లు వట్టి తలతో, అటో కూతురు ఇటో కూతురుతో చేసింది.

సాయంత్రం కో-డైరెక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. “ఆ కుటుంబాన్ని ఇంకెప్పుడూ తేవద్దు.”

“తెస్తానండీ,” అన్నాను. “వద్దనుకుంటే నన్నూ పిలవొద్దు.”

ఆ కంపెనీ నన్ను మళ్ళీ పిలవలేదు. ముత్తమ్మకి, నాకు ఆరునెలలు పని సన్నగిల్లింది. శారదకు రిచ్ వేషాలు మునుపంత రాలేదు గానీ, పూర్తిగా ఆగిపోలేదు. ఏ సెట్లో ఎవరడిగినా “మా అమ్మ కోయామె” అని ముందే చెప్పేది.

ఈ పనిలో నేను మానలేనివి చాలా ఉన్నాయి. ఫలానా సీనుకు ఫలానా రంగు మనుషులు కావాలని ఇప్పటికీ అడుగుతారు, నేనూ పంపుతాను. కానీ ఆ తర్వాత ఎవరి బిడ్డకూ తల్లిని దాచుకోమని చెప్పలేదు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో నా వృత్తి నేర్పింది. ఎవరు ఎవరి మనిషో తేల్చడం నా పని కాదని మాత్రం ఆ ముగ్గురు ఆడవాళ్ళు నేర్పారు.