రాయి మీద లేని చెప్పులు

డ్రిల్లు సారు మునిగిపోయిన పొద్దున మేం నవ్వుకుంట ఇంటికొచ్చినం. ఇది ముందుగాల్నే చెప్పేస్తాన. ఎందుకంటె ఇప్పుడు చెప్పబోయేదాంట్ల పరాచికాలు మస్తున్నయి, చదివేటోళ్లు నవ్వుతరు, నవ్వినంక నన్ను తిట్టుకుంటరు. ఆ తిట్టేదేదో మొదాలే తిట్టుకోండ్రి.

మాకు మట్టెవాడల చెప్పుల దుకాణం ఉండె. కింద దుకాణం, మీద ఇల్లు. నేను ఈత నేర్సుకున్నది డెబ్బైలల్ల, హనుమకొండ అవతలున్న పెద్ద చెరువుల. నేర్పింది మిల్లుల పనిజేసే ఒక కాక. నాకు చుట్టమేం గాదు, చెరువుకొచ్చే అందరికీ ఆయన కాకనే. రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి పోకముందే నీళ్లల్ల పడేటోడు. దూది నుసి పోవాల్నంటె సబ్బు గాదు చెరువు గావాలె అనేటోడు. ఆయన ఎంబడి మేం నలుగురం. అండ్ల ఒకడు బ్యాంకుల క్లర్కు, నా దోస్తు.

కాక దగ్గర ఒకటే కాయిదా. తూము పక్కన బల్లపరుపుగ ఒక రాయి ఉండె. నీళ్లల్లకు దిగేటోడు ఆ రాయి మీద చెప్పులిడువాలె, ఎక్కినంక తొడుక్కోవాలె. అందరికన్న ఆఖర్ల ఎక్కినోడు రాయి చూడాలె. రాయి మీద ఒక్క జత మిగిలినా చెరువుల ఇంకా మనిషి ఉన్నట్టు, ఎవ్వలు ఇంటికి పోవద్దు. ఈ కాయిదా ఎందుకు పెట్టిండో మేం అడుగలే, ఆయన చెప్పలే. అండ్ల మాత్రం ఆయన ఎవ్వలికీ మాఫీ ఇయ్యలేదు. ఒకసారి నేను చెప్పులు కట్ట కింద ఇడిసి దిగితె, నీళ్లల్లకెల్లి పిలిచి బయటికి తీసి, రాయి మీద పెట్టిచ్చి మళ్ల దిగనిచ్చిండు.

ఎనభైలు మొదలైనంక డ్రిల్లు సారు వచ్చిండు. ఏదో బడిల పిల్లలకు ఆటలు చెప్పేటందుకు పక్క జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిండు. సన్నటి మనిషి, కండ్లల్ల ఎప్పుడూ ఏదో తొందర. ఆయన అంగి జేబుల ప్లాస్టిక్ కవర్ల ఒక ఫోటో ఉండేది, ఆటల పత్రికల నుంచి కత్తిరించింది. దూరదేశంల ఒక పోటీ పెడుతరట, ముందు ఈదుడు, ఎంటనే సైకిల్ తొక్కుడు, ఎంటనే ఉరుకుడు, నడుమ ఆగేది లేదు. ఫోటోల ఒకడు సముద్రంలకెల్లి ఎక్కి, ఒళ్లు సుత తుడుసుకోకుంట ఉరుకుతాండు. కాక ఆ ఫోటోను దూరం పెట్టి చూసి, దగ్గర పెట్టి చూసి, "వీని ఎనుక కుక్క పడ్డదా సారూ?" అన్నడు.

సారు నవ్విండు. ఏనాటికన్న మన వరంగల్ల బడి పిల్లలకు గిసొంటి పోటీ పెట్టాల్నని ఆయన కోరిక. దానికి ముందు తాను చేసి చూపియ్యాలె. రోజు పొద్దున సైకిల్ తీసుకపోయి అవతలి ఒడ్డున, చెరువు నిండితె నీళ్లు పొర్లే మత్తడి దిక్కు నిలవెట్టేటోడు. హ్యాండిలుకు కాన్వాస్ బూట్లు వేలాడదీసి, వట్టి కాళ్లతోటి కట్ట మీద నడిచి మా దిక్కు వచ్చేటోడు. ఇక్కడ నీళ్లల్ల పడి, అక్కడ ఎక్కి, బూట్లు తొడుక్కొని సైకిలెక్కి పోయేటోడు. పోయేముందు రెండుసార్లు బెల్లు కొట్టేటోడు, దాటిన అని మాకు చెప్పుడన్నట్టు.

ఇగ ఆయన మీద మేం చేసిన పరాచికాలకు లెక్క లేదు. ఆయన ఈత చూస్తె నీళ్లకు దెబ్బలు తాకుతున్నయేమో అనిపిచ్చేది. చేతులు దబదబ కొట్టేటోడు గని కాళ్లు ఊకె ఎంబడి ఈడ్సుకపోయేటోడు. ఎందుకు సారూ అంటె, సైకిల్ కోసం దాసిపెట్టుకుంటున్న అనేటోడు. "అయితె మా బ్యాంకు లాకర్ల పెట్టకపోయినవా సారూ" అన్నడు నా దోస్తు. మేమేమో ఎల్లెలుకల పడుకొని, నీళ్లల్ల తేలుకుంట, సినిమాల ముచ్చట్లు, మిల్లు ముచ్చట్లు చెప్పుకునేటోళ్లం. గడియారం కట్టుకొని చెరువుల దిగిన మనిషిని మేం అప్పటిదాక చూల్లేదు. ఈత సక్కగ రానోడే మూడు పనులు పెట్టుకుంటడు, మూడిట్ల ఏది రాకపోయినా ఇంకోటి ఉందని చెప్పుకోవచ్చు అన్నది నేనే. ఆయన ఆ మాటకు సుత నవ్విండు. ఆ మనిషికి కోపం రాకపోయేది. అందుకు నాకు ఆయన మీద ఇంకింత కోపం వచ్చేది.

దసరా పోయినంక ఒకనాడు కాక నన్ను పక్కకు పిలిచిండు.

"బిడ్డా, సారు చెప్పులు మన రాయి మీద లేవు. నాకు మనసున పడుతలేదు. దుకాణం నీదే గద, అమ్ముడువోని జత ఏదన్న తేరాదు. సారు దిగేటప్పుడు రాయి మీద పెడుతడు. అటు బెల్లు ఇనబడ్డంక మనమే తీసి తూము సందుల పెడుదాం."

"తెస్త కాకా" అన్న.

జత తీసిన సుత. ఎనిమిదో నంబరు, ఎడమది ఒక జతది, కుడిది ఇంకో జతది. ఎవ్వలు కొనరని మా నాయిన మూలకు పడేసినయి. పేపర్ల చుట్టి గల్లా కింద పెట్టిన. రోజు పొద్దున దాని పక్కపొంటే పోయేది. రేపు తీసుకపోదాం అనుకునేది. కాక అడిగితె యాదిమర్సిన అన్న. ఒకసారి గాదు, మస్తుసార్లు అన్న. నేను యాదిమర్వలేదు. ఆయన చెప్పులు ఆ రాయి మీదికొస్తె ఆయన మా జట్టుల ఒకడైతడు. అది నాకు ఇష్టం లేకుండె. ఇప్పుడు ఈ మాట రాసేటందుకు సిగ్గయితాంది, గని ఉన్నదదే.

ఆ చలికాలం కాక వరికోతలని పాలంపేటల ఉన్న బిడ్డ ఇంటికి పోయిండు. నాలుగు రోజులల్ల వస్త, రాయి చూసుకోండ్రి అని చెప్పి పోయిండు. మూడో రోజు పొద్దున చెరువు మీద మంచు పరుసుకున్నది, చెయ్యి చాపితె చెయ్యే కనబడుతలేదు. సారు వచ్చి, చలికి భుజాలు రుద్దుకొని, "పోటీల మంచు పడ్డదని ఆపుతరా?" అనుకుంట దిగిండు. కొంచెంసేపు దబదబ ఇనబడ్డది. ఎనుక నేనేదో ఒకటన్న, అందరు నవ్విండ్రు. ఆ అన్నదేందో నాకు యాది లేదు. మంచిదే.

ఆఖర్ల ఎక్కింది నేను. అందరు చెప్పులు తొడుక్కున్నరు.

"బెల్లు ఇనబడలే గదరా" అన్నడు బ్యాంకు దోస్తు.

"గీ మంచుల బెల్లేం ఇనబడుతది? రాయి ఖాళీగున్నది, పా" అన్న.

హోటల్ల చాయ్ తాగినం. సారు ఇప్పుడు ఏ సడక్ మీద ఉరుకుతాండో, ఎనుక ఏ కుక్క పడ్డదో అని మళ్ల నవ్వినం.

పగటీలి దాటినంక నా దోస్తు బ్యాంకు ఇడిసిపెట్టి వచ్చి దుకాణం ముందట నిలవడ్డడు. మొఖంల నెత్తురు లేదు. "సైకిల్ అక్కడనే ఉన్నదట" అన్నడు. గడ్డి కోసుకునే ఆమె చూసిందట, పొద్దటిసంది ఒక సైకిల్ మత్తడి కాడ నిలవడ్డది, బూట్లు వేలాడుతున్నయి అని. మేం చెరువు కాడికి ఉరికినం. చేపలు పట్టేటోళ్లు దిగి, పొద్దుగూకకముందే సారును పైకి తెచ్చిండ్రు. చెరువు నడుమ గాదు, అవతలి ఒడ్డుకు ఇంకో ఇరవై బారలుంటదేమో. కాళ్లకు నాచు చుట్టుకోని ఉన్నది. సైకిల్ కోసం దాసిపెట్టుకున్న కాళ్లు. నేను మొఖం అటు తిప్పుకున్న. దుఃఖం తర్వాత వచ్చింది. మొదాలు వచ్చింది బుగులు, ఎవలన్న చెప్పుల సంగతి అడుగుతరేమోనని.

ఎవ్వలు అడుగలే. సారు భార్య వచ్చింది. ఏడుస్తలేదు. మా మొఖాలు ఒక్కొక్కటి చూసుకుంట వచ్చి నా ముందట ఆగింది.

"మీరందరు ఈతగాళ్లే గదా తమ్మీ. ఒక్కరన్న ఆయన అవతలికి చేరిండా లేదా అని చూల్లేదా?"

"రాయి ఖాళీగ ఉండె అక్కా" అన్న.

"ఏం రాయి?" అన్నది. ఆమె ఇంకొంచెంసేపు నన్నే చూసి, అటు పోయింది.

కబురు ఇని కాక రాత్రి బస్సుకే వచ్చిండు. తెల్లారి మేం చెరువు కాడికి పోయినం, ఈదేటందుకు గాదు, ఇంట్ల ఉండలేక. నేను గల్లా కిందికెల్లి ఆ పేపరు కట్ట తీసి సంకల పెట్టుకొని పోయిన. రాయి మీద పేపరు ఇప్పి, ఎడమది కుడిది సక్కగ జోడిచ్చి పెట్టిన. ఎందుకు పెట్టిన్నో నాకే తెల్వది. తప్పు ఒప్పుకున్నట్టు అయితదనుకున్న కావచ్చు.

కాక ఆ జతను చూసిండు, నన్ను చూసిండు. పేపరు మీది తారీఖు చూసిండు, దసరా నాటిది. నేను తిడుతడనుకున్న, కొట్టినా బాగుండనుకున్న.

"రాయి మీద చెప్పులున్నయి బిడ్డా" అన్నడు. "ఇగ ఇంటికెట్ల పోతం?"

అని ఆ రాయి పక్కన కూసున్నడు. ఆయన ఎంబడి మేం సుత కూసున్నం. పొద్దు నెత్తి మీదికి వచ్చిందాక ఎవ్వలు లేవలే. ఆ జతను తీసే ధైర్యం నాకు రాలేదు.