పాషాగారి పరగడుపు షుగర్

ఎవరికైనా తిన్న తర్వాత షుగర్ పెరుగుతుంది. మేము అద్దెకుంటున్న ఇంటి పెద్దాయన అహ్మద్ పాషాగారికి మాత్రం పరగడుపున ఎక్కువ, మధ్యాహ్నం భోజనం చేశాక తక్కువ. ఈ వింత విన్న దగ్గర్నుంచీ నా బుర్ర ఊరుకోలేదు. పక్కవాళ్ల సంగతుల్లో వేలు పెట్టే జబ్బు నాకుందని మా ఆయన వెంకటనారాయణ అంటాడు. ఉంది. ఈ వయసులో దానికి మందు కూడా లేదు.

మాది పెనుబల్లి. ఖమ్మం వచ్చి ఖానాపురం హవేలిలో పాషాగారి ఇంటి పై వాటాలో దిగాం. కింద ఆయనా, ఆయన కూతురు షాకేరా ఉంటారు. షాకేరా భర్త లారీ మీద తిరుగుతుంటాడు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పని నేర్పింది తండ్రే. ఆయన ఒకప్పుడు సంతల దర్జీ. చేతి మిషను బస్సు టాపు మీద వేసుకుని భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం సంతలకు పోయి, పరదా నీడన కూర్చుని కోయ ఆడవాళ్లకు రవికలు కుట్టిచ్చేవాడట. పరాయి ఆడమనిషికి టేపు పెట్టడం ఆయన మర్యాదకు ఒప్పేది కాదు. ఎదురుగా నిలబెట్టి ఒక్క చూపు చూసేవాడు, అదే కొలత. ఆ రవిక బిగుతైందనీ వదులైందనీ తిరిగొచ్చిన మనిషి లేదని షాకేరా ఇప్పటికీ గొప్పగా చెబుతుంది.

అలాంటి కళ్లకు శుక్లాలు ముసిరాయి. మెట్లు దిగుతున్నది నేనో మా ఆయనో ఆయనకు చప్పుడు బట్టే తెలిసేది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ఆలస్యం చేస్తే కష్టం అన్నాడు కంటి డాక్టరు. కాని ముందు షుగర్ దిగాలన్నాడు. ఇక చూడండి తిప్పలు. కంటి డాక్టరుకు షుగర్ డాక్టరు చీటీ కావాలి. షుగర్ డాక్టరుకు ల్యాబు రిపోర్టు కావాలి. రిపోర్టు చేతికొచ్చే వారం కంటి డాక్టరు ఊళ్లో ఉండడు. ఆయన వచ్చేసరికి రిపోర్టు పాతదైపోతుంది, కొత్తది తెమ్మంటాడు. పెళ్లిళ్ల జాకెట్లు మిషను మీదే వదిలేసి, తండ్రి చెయ్యి పట్టుకుని షేర్ ఆటోలు ఎక్కుతూ దిగుతూ షాకేరా సగమైంది.

అంతా చేస్తే పరగడుపు షుగర్ ప్రతిసారీ ఎక్కువే. డాక్టరు మాత్ర పెంచేవాడు. ఆ మాత్రకు పాషాగారు మధ్యాహ్నానికి చెమటలు పట్టి సోలిపోయేవాడు. దొంగచాటుగా మిఠాయి తింటున్నాడని షాకేరా తీర్మానించుకుంది. చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన అల్లా మీద ఒట్టేసినా నమ్మలేదు. సంతంతా నమ్మిన మనిషిని సొంత కూతురు దొంగను చేసిందే అని నాకు మహా కోపం వచ్చింది. అయినా అడగడానికి నేనెవర్ని? కిరాయిదాన్ని.

ఒక రోజు నా థైరాయిడ్ పరీక్ష కోసం నేనూ వాళ్లతో ల్యాబుకు పోయాను. రక్తం తీసే కుర్రాడు ఇంకా రాలేదు. పాషాగారి పెదాలు ఎండిపోయాయి, కూర్చున్నచోటే తూలుతున్నాడు. పరగడుపు పరీక్షైనా మంచినీళ్లు తాగొచ్చని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. నేను సీసా మూత తీసి అందించాను. ఆయన నోరు బిగించి తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. రోజా ఇరుగుతది."

రోజా అంటే వాళ్ల ఉపవాసం. అప్పుడు రంజాన్ కాదు గాని, ఆ నెలలో తెల్లవారకముందే కింద వాటాలో గిన్నెల చప్పుడు నేను వింటూనే ఉంటాను. పొద్దు పొడవకముందు తినే ఆ తిండిని సహరీ అంటారని షాకేరాయే చెప్పింది. నా జబ్బు ఊరుకుంటుందా?

"పాషాగారూ, రోజా అంటే మరి సహరీ కూడా చేశారా?"

"సహరీ లేని రోజా ఏందమ్మా? అజాన్ కంటే ముందే తిన్న. చక్కెరకు తాళమేసింది గద, పెరుగన్నంల అరటిపండు పిసుక్కున్న. నాలుగు ఖజూర్ పండ్లు తిన్న. అజాన్ అయినంక ఉమ్మి గూడ మింగలే."

షాకేరా బెంచీ మీంచి లేచింది. "పరీక్ష ఉన్న ప్రతిసారీ గిట్లనే తిన్నవా? ఎవరు తినమన్నరు అబ్బా?"

"నువ్వే గద బేటీ. ఫాస్టింగ్ అంటే ఏందని అడిగితే, రోజా లెక్కనే అబ్బా అన్నవ్. నిద్ర చెడుతదని నిన్ను లేపలే."

నాకు నవ్వు ఆగలేదు. మా ఇంట్లో శనివారం ఉపవాసమంటే అన్నం ఒక్కటే మానడం. ఉప్మా, పెసరట్టు, పళ్లు, పాలు అన్నీ నడుస్తాయి. ల్యాబు కుర్రాడు నన్ను ఉపవాసం ఉండి రమ్మని ఉంటే నేనూ పెసరట్టు తినే వచ్చేదాన్ని. ఎన్ని రిపోర్టులు రాశారో, ఎన్ని మాత్రలు మార్చారో, పొద్దున ఏం తిన్నావు తాతా అని ఒక్కరూ అడగలేదు. ఫాస్టింగా అంటే అవ్ అన్నాడు, అంతే.

షాకేరా నవ్వలేదు. తండ్రి పక్కన కూలబడి, ఆయన చెయ్యి మొహానికి ఆనించుకుని ఏడ్చింది. మాఫ్ చెయ్యమంది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

"ఏడుస్తవెందుకు? నీళ్లు ముట్టలే గద. రోజా ఇరగలే."

మర్నాడు ఏమీ తినకుండా తీసుకెళ్లింది. అది రోజా కాదు, ఉత్త ఆకలి అని ఒప్పించేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. షుగర్ ఉండాల్సినంతే ఉంది. ఇన్నాళ్లకు మందు పట్టిందని డాక్టరు భుజాలు చరుచుకుని మాత్ర తగ్గించాడు. అసలు సంగతి చెప్పబోయిన నన్ను షాకేరా కళ్లతోనే ఆపింది. ఆమెకు కావలసింది చీటీ. చీటీ వచ్చింది, అది పాతబడకముందే ఆపరేషనూ అయింది.

కట్టు విప్పే రోజు నేను పిలవకుండానే వెళ్లాను. పాషాగారు కన్ను చికిలించి ముందు గోడను చూశాడు, తర్వాత నన్ను చూసి సలాం చేశాడు. ఆ తర్వాత ఎదురుగా నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. సంతలో ఎట్లా చూసేవాడో ఆ రోజు నేను కళ్లారా చూశాను. భుజం నుంచి నడుముదాకా ఒక్క చూపు. ఆయన మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"నీ జాకెట్ వదులైంది బేటీ," అన్నాడు. "రెండించులు లోపలికి పట్టాలె. ఇంత సన్నవడ్డవా?"