నునుపు తేలని తొట్టి

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చిన వేసవిలో నాకు పశువైద్యం చదవడానికి రెండు చోట్ల సీటు వచ్చింది. మా ఇంట్లో అంతవరకు ఎవరూ కాలేజీ మొహం చూడలేదు. సంతోషంగా గడపాల్సిన ఆ రోజులను మేం ఒకరినొకరు అనుమానిస్తూ గడిపాం.

మాది ధర్మపురి వైపు నల్లంపల్లి దగ్గర, హైవేకి కాస్త దిగువగా ఉండే చిన్న తెలుగువాళ్ళ వీధి. నాలుగు ఆవులు, కొన్ని గొర్రెలు ఉండేవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ తెలుగు అక్షరాలు కూడా నేను పెద్దయ్యాక నేర్చుకున్నవే.

మొదటి సీటు ప్రభుత్వ కాలేజీలో. అది దక్షిణాన ఎక్కడో, బస్సులో పది గంటల దూరం. వాళ్ళు పంపింది మూడు వాక్యాల కాగితం. ఫలానా తేదీలోగా చేరకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుందని అందులో ఉంది. రెండోది రాష్ట్ర సరిహద్దు దాటాక కొత్తగా కట్టిన ప్రైవేటు కాలేజీ. రెండు గంటల ప్రయాణం. దాని ఉత్తరం దళసరి కవరులో, నా పేరు బంగారు రంగు అక్షరాల్లో అచ్చయి వచ్చింది. ఆ తర్వాత రోజూ ఫోను. ఒకావిడ తీయటి తమిళంలో, "మీ కోసమే సీటు ఆపి ఉంచాం చెల్లీ" అనేది.

నాయన పక్కన కూర్చుని వినేవాడు. "అమ్మేవాడు ఇంతగా బతిమాలినాడంటే ఆ గొడ్డులో ఏదో ఉండాది" అన్నాడు ఒకరోజు.

మా బయాలజీ టీచరు ఒక్కటే ప్రశ్న అడగమంది: పశువైద్య కౌన్సిల్ గుర్తింపు ఉందా అని, అది లేకుంటే డిగ్రీ చెల్లదని. అడిగాను. ఇంకా రాలేదని, నా చదువు ముగిసేలోపు తప్పకుండా వస్తుందని ఆ ఫోను ఆవిడ చెప్పింది. మర్నాడు అదే నంబరుకు నేనే ఫోను చేశాను. ఈసారి ఎవరో మగమనిషి ఎత్తి, గుర్తింపు ఎప్పుడో వచ్చేసిందన్నాడు. ఆ రెండు జవాబులూ నోటుపుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను.

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది మా మామ. అమ్మకు తమ్ముడు, సంతల్లో పశువుల బేరాలు కుదిర్చే మనిషి. నా చదువు గురించి ఏనాడూ అడగనివాడు ఆ వారమంతా సాయంత్రం పూట వచ్చి కూర్చున్నాడు.

"ఆడపిల్లను అంత దూరం యాల పంపేది బావా? దగ్గర కాలేజీ అయితే శనివారం బస్సెక్కి ఇంటికొచ్చి సంగటి తింటాది."

అతను వెళ్ళాక అమ్మ గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా, "వానికి దాంట్లో ఏం లాభమో" అంది. ఆ మాట నాలో నాటుకుపోయింది. కాలేజీవాళ్ళకూ మామకూ మధ్య ఏదో ఉందనుకున్నాను. ఒకసారి అతను లోపలికి పోయినప్పుడు మంచం మీద వదిలిన అతని ఫోనులో ఆ నంబరు ఉందేమోనని వెతికాను కూడా. లేదు. చెరిపేసి ఉంటాడనుకున్నాను.

ప్రభుత్వ సీటుకు గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, చూసి వద్దామని నాయన, మామ, నేను ఆ ప్రైవేటు కాలేజీకి బయల్దేరాం.

గేటు దగ్గర్నుంచీ అంతా మెరుస్తోంది. టై కట్టుకున్న ఒకాయన మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి జ్యూస్ ఇచ్చాడు. ల్యాబ్ తలుపు అద్దంలోంచి చూపించాడు. తాళం మాత్రం తీయలేదు. చివరికి పశువుల కొట్టానికి తీసుకెళ్ళాడు. పన్నెండు ఆవులు వరుసగా నిలబడి ఉన్నాయి, చెవులకు పసుపు బిళ్ళలతో. చూడ్డానికి చక్కగానే ఉన్నాయి. నాకు మనసు కాస్త మెత్తబడింది.

నాయన ముందు ఆవుల దగ్గరికి పోలేదు. మేత తొట్టి దగ్గర వంగి, దాని అంచు మీద అరచేత్తో రాస్తూ ఆ చివరిదాకా నడిచాడు.

"పాపా, ఇట్ల రా. పట్టి చూడు" అన్నాడు తెలుగులో. సిమెంటు గరుకుగా, చెయ్యి గీసుకునేలా ఉంది.

"ఆవు మెడ ఆన్చి తినే చోటు ఏడాదికే నున్నగయితాది. ఈ తొట్టిలో ఏ గొడ్డూ మేయలే. వీటి చూపంతా గేటు మీదనే ఉండాది చూడు. ఇవి ఈ కొట్టంవి కావు."

టై కట్టుకున్నాయనకు తెలుగు అర్థం కాలేదు, నవ్వుతూ తలాడించాడు. గడ్డి వేస్తున్న ముసలాయనకు మాత్రం అర్థమైంది. తల ఎత్తకుండానే, "మొన్న దించినారు సామీ. ఎవరో చూడను వస్తారంట" అని మెల్లగా చెప్పి, తట్ట ఎత్తుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

నేను మామ వైపు చూశాను. అతను ఆవుల వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో ధర్మపురిలో బస్సు మారాలి. బస్టాండులో దిగాక నేనే అడిగేశాను.

"మామా, ఆ ఆవుల్ని పంపించింది నువ్వేనా?"

అతను నా వైపు తిరిగాడు. "నేనా? వాండ్లెవరో నాకు తెలీదు."

"తెలీకుంటే ఆడికే పొమ్మని వారం దినాలుగా యాల చెప్తావు?"

"అది మీ అమ్మనడుగు" అని, మాతో నల్లంపల్లి బస్సు ఎక్కకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళగానే అడిగాను. అమ్మ రాగిపిండి జల్లిస్తోంది. జల్లెడ ఆపలేదు.

"నేనే చెప్పమన్నాను వాన్ని" అంది.

"మరి మామ మీద నాకు అనుమానం యాల పెట్టినావు?"

"నువ్వు దగ్గరుండాలని నాకాశ. మీ నాయనకు తెలిస్తే నేను నీ కాళ్ళకు అడ్డం పడతాండానని అంటాడని. నేనే అడిగితే నువ్వు నా కోసమని ఉండిపోతావు. అది నాకు ఇష్టం లేదు. వాడు చెప్తే నీకై నువ్వు ఆలోచిస్తావనుకున్నా."

నాయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. చొక్కా మార్చుకుని గొర్రెల దగ్గరికి వెళ్ళాడు. అమ్మ మీద నాకు కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ సిగ్గు వేసింది. నేను వెతికిన ఫోను, మామ మీద అల్లుకున్న కథ, అన్నీ గుర్తొచ్చాయి.

గడువుకు ఒకరోజు ముందు రాత్రి నాయనా నేనూ దక్షిణానికి వెళ్ళే బస్సెక్కాం. ప్రభుత్వ కాలేజీ గోడలు పెచ్చులూడి ఉన్నాయి. పేరు రాసుకునే గుమస్తా మా ముఖాలైనా చూడలేదు. ఎవరూ మమ్మల్ని పిలవలేదు, ఎవరూ కూర్చోమనలేదు. ఆసుపత్రి వరండాలో మేకలతో, దూడలతో జనం బారు తీరి ఉన్నారు. గర్భసంచి బయటికి వచ్చిన ఒక గేదెకు నలుగురు విద్యార్థులు చెమటలు కక్కుతూ వైద్యం చేస్తున్నారు. అయినా నా అనుమానం వదల్లేదు. ఇదంతా మా కోసం చేస్తున్నారా అని ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే ఆ గేదె తన్నింది. ఒక అబ్బాయి పేడలో వెల్లకిలా పడ్డాడు. ఎవరూ నవ్వలేదు, పని ఆపలేదు. సాయంత్రానికి నేను హాస్టల్లో చేరిపోయాను.

ఆ ప్రైవేటు కాలేజీ సంగతి తర్వాత నాకు సరిగా తెలియలేదు. ఇప్పుడు గుర్తింపు ఉందని కొందరు, లేదని కొందరు అంటారు. ఆ ఆవులను నిజంగానే అక్కడ ఉంచడానికి కొని తెచ్చారేమో. కొత్త కొట్టానికి కొత్త ఆవులు రావడం నేరమేమీ కాదు. ఎటూ తేల్చుకోలేను.

మామ ఆరు నెలలు మా ఇంటికి రాలేదు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు నేనే పాలకోడు దగ్గర సంతకు వెళ్ళి అతన్ని వెతికాను. బేరం మధ్యలో ఉన్నాడు. నన్ను చూసి మాట ఆపలేదు. బేరం ముగిశాక దగ్గరికొచ్చి, "టీ తాగినావా?" అన్నాడు. లేదన్నాను. తప్పైపోయిందని చెప్పడానికే వెళ్ళాను కానీ, అతని వెనకే టీ అంగడికి నడిచాను. ఇద్దరం నిలబడి టీ తాగాం.