అడుగు మన్ను

ఆ రోజుల్లో మా రావల్కోల్‌లో ఈత వచ్చిందని నోటితో చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. బావి అడుగుదాకా మునిగి గుప్పెడు మన్ను తెచ్చి చూపించాలి. ఒడ్డున కూర్చుని ఆ మన్నును వేళ్లతో నలిపి తీర్పు చెప్పేది మా అవ్వ. (పక్క దరి నుంచి గీకి తెస్తే ఇట్టే పట్టేసేది. నాకు అనుభవమే.) ఊపిరి బిగబట్టడంలో నన్ను మించినవాడు మేడ్చల్ మొత్తంలో లేడని ఊళ్లో ఒకరు అనుకునేవారు. ఆ ఒకరూ నేనే.

పెళ్లయిన కొత్తలో నా భార్యతో అండమాన్ బయల్దేరాను. ఆమె పుట్టింది కాకినాడలో, పెరిగింది పట్నంలో సుచిత్ర దగ్గర కాలనీలో. "సముద్రం పక్కన పుట్టి ఈత రాదా!" అని దారంతా ఏడిపించాను. అవ్వ మాత్రం మేం బస్సెక్కేదాకా ఒకటే మాట. "బావిల మునుగుడు ఏం గొప్పరా? సముద్రంల అడుగు మన్ను తే, గప్పుడు నమ్ముత." తెస్తానని నలుగురి ముందు మాటిచ్చాను.

అక్కడ మా వీపులకు గాలి సిలిండర్లు కట్టి, నోట్లో గొట్టం పెట్టారు. నేర్పేవాడు హిందీలో ఒకే మాట పదేపదే చెప్పాడు, ఊపిరి ఆపొద్దని. నా ఒంటికేమో తల మునిగితే బిగబట్టడం తప్ప వేరే విద్య తెలియదు. మునిగాను, బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి. పైకి లాగాడు. మళ్లీ మునిగాను, మళ్లీ అదే. "సార్ పడవలో కూర్చోండి, మేడమ్‌ను తీసుకెళ్తా" అన్నాడు చివరికి. అవ్వకు ఏ ముఖం చూపించను?

అప్పటికే బుద్ధిగా చెప్పినట్టు ఊపిరి పీలుస్తున్న నా భార్య గొట్టం తీసి, "ఏవండీ, నీళ్ల సంగతి మర్చిపోండి. నాకేసి చూడండి. నేను పీలిస్తే పీల్చండి, వదిలితే వదలండి" అని నా చెయ్యి పట్టుకుంది. దారంతా ఏడిపించినందుకు ఇప్పుడు నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆమె బుడగలనే చూస్తూ కిందికి దిగిపోయాను.

కింద పగడాల దిబ్బలు, పసుపు చారల చేపలు. (అవి నన్ను ఈతగాడిగా గుర్తించినట్టు లేదు.) నా కళ్లు మాత్రం దిబ్బ పక్కన ఖాళీ చోట ఉన్న ఇసుక మీదే. గుప్పెడు తీశాను. నేర్పేవాడు వెంటనే నా మణికట్టు పట్టుకుని, ఇక్కడివి తీసుకోకూడదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఒక్కో వేలూ విప్పించాడు. ఇసుకంతా మెల్లగా జారిపోయింది. నోట్లో గొట్టం లేకపోతే ఏడ్చేవాణ్ణే.

ఇంటికి రాగానే అవ్వ చెయ్యి చాపింది. "మన్నేదిరా?"

తల వంచుకున్నాను. నా భార్య ముందుకొచ్చింది. "అడుగు ముట్టారు అవ్వా. నేను చూశాను."

"ఎట్ల జూసినవ్? నువ్వు గూడ మునిగినవా?"

"ఆ, పక్కనే ఉన్నాను."

అవ్వ ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. బావి మన్నును నలిపినట్టే నలిపి చూసింది. "నిన్ను నమ్ముత బిడ్డా. వీని మాట ఇడిసిపెట్టు" అంది.

ఇప్పుడు ఆ బావి పూడిపోయి ప్లాట్లయింది. అవ్వా లేదు, నాకు చాలా గుర్తొస్తుంది. బీపీ వచ్చిందని డాక్టరు పొద్దున్నే ఊపిరి వ్యాయామం చెయ్యమన్నాడు. నా భార్య ఎదురుగా కూర్చుని "పీల్చండి, వదలండి" అంటుంది. నేనేమో ఇప్పటికీ మొదటి ఊపిరి బిగబడతాను. ఉబ్బిన బుగ్గలు చూసి ఆమె ఇప్పుడు మాత్రం పగలబడి నవ్వుతుంది. నాకూ నవ్వొస్తుంది, ఊపిరి దానంతటదే బయటికి వచ్చేస్తుంది.